లోపలి గడియ

"ఎడమ చెయ్యేగా, కుడిది కాదుగా! అదృష్టవంతురాలివి."

భ్రమరాంబను చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ ఇదే మాట అన్నారు. యాపిల్ పళ్ళు తెచ్చినవాళ్ళూ అన్నారు, చేతులూపుకుంటూ వచ్చినవాళ్ళూ అన్నారు. పక్షవాతానికి కూడా మంచీ మర్యాదా తెలుసునన్నట్టు, అన్నం తినే చేతిని వదిలిపెట్టి పనికిమాలిన చేతిని పట్టుకుందని సంతోషించి వెళ్ళారు. భ్రమరాంబ తలూపింది. నలభై ఆరేళ్ళుగా ఆ చేతిని తనూ ఎప్పుడూ పట్టించుకోలేదు, ఇక వాళ్ళనేం అంటుంది?

పోయాకే తెలిసింది దాని సంగతి. కత్తి ఆడించేది కుడిచెయ్యే, కానీ వంకాయ జారిపోకుండా పట్టుకునేది ఎడమది. కుచ్చిళ్ళు పోసేది కుడిచెయ్యి, పోసినవాటిని బిగించి ఉంచేది ఎడమది. సూదిలో దారం ఎక్కించాలన్నా, సీసా మూత తిప్పాలన్నా, జడ అల్లుకోవాలన్నా పేరు కుడిచేతికి, పట్టుకునే చాకిరీ ఎడమ చేతికి.

తలుపు సంగతీ అంతే. కొత్తగూడలో కొత్తగా లేచిన అపార్టుమెంటు, సరిగా ఎండని చెక్కతో చేసిన తలుపు. వానలు మొదలవగానే చెమ్మకి ఉబ్బింది. గడియ తీయాలంటే ఒక చేత్తో తలుపును బయటివైపుకి నొక్కిపట్టాలి, ఇంకో చేత్తో గడియ లాగాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదు. భుజం ఆనించి నొక్కుదామంటే ఎడమకాలు ఇంకా నిలకడగా లేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో ఒకరోజు ఎలాగో గడియ వేసుకుంది, తీయలేకపోయింది. దాంతో తంటాలు పడుతుండగానే పొయ్యి మీద పాలు పొంగి, మాడి, ఇల్లంతా పొగ కమ్మేసింది. చివరికి పక్క సైటులోంచి వడ్రంగి వచ్చి తలుపు కోయాల్సి వచ్చింది. కోసినచోట వేసిన కొత్త చెక్క ఇప్పటికీ రంగు కలవకుండా తెల్లగా కనబడుతుంది.

ఆ మర్నాటి నుంచి భీమేశ్వరరావు బయట తాళం వేసి ఆఫీసుకి వెళ్తున్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. తెల్లారకముందే లేచి అన్నం, పప్పూ వండుతాడు. పీట మీద కూర్చుని భార్య తల దువ్వి, పాయలు సరిగ్గా రాకపోతే విప్పి మళ్ళీ అల్లుతాడు. ఆఫీసులో సూపరింటెండెంటుగా నలుగురి చేత పని చేయించే మనిషి, ఇంట్లో భార్యకి నీళ్ళగ్లాసు కూడా నోటిదాకా అందిస్తాడు. పిల్లలు లేని ఇంట్లో ఆ ముద్దంతా ఇప్పుడు ఆమె మీదే పడింది.

"గ్యాసు కట్టేశాను. ఫ్లాస్కులో కాఫీ ఉంది. ఎక్సర్‌సైజుల అమ్మాయొస్తే చంద్రమ్మ తాళం తీస్తుంది. బాల్కనీలో ఎక్కువసేపు నిలబడకు. వస్తాను భ్రమరా."

"సరేనండి."

తలుపు మూసుకుంటుంది. బయట గొళ్ళెం పడుతుంది. తాళం 'టక్' మంటుంది. ఆ తరువాత తాళం సరిగ్గా పడిందో లేదోనని ఆయన ఒకసారి లాగి చూసుకుంటాడు. ఆ లాగడం భ్రమరాంబకి ఒళ్ళంతా తెలుస్తుంది.

తాళంచెవి కింద వాచ్‌మన్ మల్లయ్య భార్య చంద్రమ్మకి ఇచ్చి ఆయన కోఠీ బస్సెక్కుతాడు. చంద్రమ్మ దాన్ని కొంగున ముడేసుకుని మెట్లు ఊడుస్తుంది, బోరింగు దగ్గర బిందెలు నింపుతుంది, పక్క సైటులో ఇటుకలు మోయడానికి పిలిస్తే అటూ పోతుంది. భ్రమరాంబ బయటికి రావడం ఎప్పుడన్నది ఆ కొంగు ఎక్కడ తిరుగుతోందన్న దాన్నిబట్టి ఉంటుంది.

బిల్డింగులో సగం ఫ్లాట్లు ఇంకా ఖాళీవే. బాల్కనీలోంచి చూస్తే బండరాళ్ళు, వాటి మీద డ్రిల్లింగ్ మిషన్లు, దూరంగా అద్దాల గుండ్రటి మేడ. మధ్యాహ్నం ఎవరో పొడుగ్గా ఈల వేస్తారు. కూలీలందరూ రాళ్ళ దగ్గర్నుంచి పరుగెత్తి దూరంగా పోతారు. అప్పుడు బండ పేలుతుంది. కిటికీ అద్దాలు గలగలలాడతాయి. మొదటిసారి ఆ మోతకి భ్రమరాంబ కుంటుకుంటూ తలుపు దగ్గరికి పరుగెత్తింది. తలుపు పట్టుకున్నాకగాని, అది తాళం వేసిన తలుపని గుర్తురాలేదు. ఇప్పుడు ఈల వినబడితే కదలదు. సోఫాలో కూర్చుని, కుడిచేత్తో ఎడమచేతిని ఒళ్ళోకి తీసుకుని పట్టుకుంటుంది.

*

ఆమని స్కూటీ చప్పుడు వినబడితే ప్రాణం లేచి వస్తుంది. నరాల డాక్టరు పంపిన ఫిజియోథెరపీ పిల్ల. పాతికేళ్ళుండవు, నోరు మాత్రం అత్తగారంత.

"ఏంటి ఆంటీ, ఇది నా ముడి కాదే!"

కుడిచేతికి కట్టిన సంచి ముడిని పట్టుకుని అడిగింది ఆ రోజు రాగానే. పాత టర్కీ తువ్వాలుతో ఆమనే కుట్టిన సంచి అది. మంచి చేతిని అందులో పెట్టి మణికట్టు దగ్గర కట్టేస్తుంది. లేచింది మొదలు పడుకునేదాకా, స్నానం దగ్గరా పొయ్యి దగ్గరా తప్ప, ఏం చేసినా ఎడమ చేత్తోనే చెయ్యాలి. ఇది కొత్త పద్ధతట, ఆమె ప్రొఫెసరు ఎక్కడో సెమినారులో విని వచ్చాడట. మంచి చెయ్యి అందుబాటులో ఉన్నంతకాలం మెదడు చచ్చుబడ్డ చేతిని మరిచిపోతుందట.

"మీ అంకులు సాయంత్రం విప్పేశారమ్మా. పొద్దున మళ్ళీ ఆయనే కట్టారు."

"ఎందుకు విప్పడం?"

"ఎడమ చేత్తో అన్నం తినడం ఆయన చూడలేరు. అన్నపూర్ణకి అవమానం అంటారు."

"పగలంతా నేను చేయించేదీ, రాత్రి ఆయన విప్పేదీ! ఏట్లో పిసికిన చింతపండు అయిపోతోంది ఆంటీ నా పని. మీరైనా వద్దనొచ్చుగా?"

వద్దనడం భ్రమరాంబకి అలవాటు లేదు. ప్రేమగా చేసేదాన్ని ఎలా వద్దనాలో అసలే తెలియదు.

ఆమని ముడి విప్పి, తనదైన ముడి వేసి, డైనింగు టేబులు మీద సరంజామా పరిచింది. ఎండు బఠాణీలు, బట్టల క్లిప్పులు, పేకముక్కలు. బఠాణీలు ఒక గిన్నెలోంచి తీసి ఇంకో గిన్నెలో వెయ్యాలి. తియ్యడం ఫరవాలేదు. వేళ్ళు ముడుచుకోవడానికి ఎప్పుడూ సిద్ధమే, ముడుచుకున్నాక తెరుచుకోవు. బఠాణీ గిన్నె మీదికి వచ్చాక చెయ్యి అక్కడే ఆగిపోయి, మోచెయ్యి పైకి లేచి, మెడ బిగుసుకుని, పళ్ళు కూడా బిగుసుకుంటాయి. గింజ మాత్రం పడదు.

"ఊపిరి వదలండి. భుజం దించండి. పట్టుకోవడం ఎవరైనా పట్టుకుంటారు ఆంటీ, వదలడమే కష్టం."

గింజ పడింది. గిన్నెలో కాదు, నేల మీద. అయినా ఆమని చప్పట్లు కొట్టింది.

క్లిప్పులయ్యాయి, పేకముక్కలు తిరగెయ్యడమయింది. భ్రమరాంబ చీర వీపు దగ్గర చెమటకి తడిసింది. చెయ్యి టేబులు మీద వాలిపోయింది. ఆమని ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, బొటనవేలి కింద మెల్లగా నొక్కుతూ అడిగింది.

"నేను చెప్పినవన్నీ చేస్తున్నారు సరే. ఈ చెయ్యి బాగయితే దీంతో మీకేం చెయ్యాలనుంది? జడ వేసుకోవాలనుందా?"

భ్రమరాంబ తలుపు వైపు చూసింది.

"గడియ తియ్యాలనుంది. అది నేను తీసుకోగలిగితే ఆయన బయట తాళం వెయ్యక్కర్లేదు."

తాళంచెవి కోసం రోజూ చంద్రమ్మను వెతుక్కునేది ఆమనే. లేచి వెళ్ళి తలుపును అటూ ఇటూ కదిపి చూసింది. గడియ లాగి చూసింది.

"రండి. బఠాణీలు చాలు."

ఆ రోజు నుంచి పాఠం తలుపు దగ్గరే. ఇదివరకు కుడిచేతిది లాగే పని, ఎడమచేతిది నొక్కే పని. ఇప్పుడు తిరగబడింది. సంచిలో ఉన్న కుడిచెయ్యి పిడికిలితో తలుపును నొక్కుతుంది, ఎడమ చెయ్యి గడియ లాగాలి. ముందు చెయ్యి గడియ దాకా ఎత్తడమే నేర్చుకుంది. తరువాత వేలిని గడియ మొన మీద కొక్కెంలా తగిలించడం. వేలు తగిలితే మణికట్టు ఒరుగుతుంది, మణికట్టు నిలబడితే వేలు జారుతుంది. ఆమని దగ్గరే నిలబడి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని చూసేది. తనకి సాయం చెయ్యాలని ఆ పిల్లకీ ప్రాణం లాగుతోందని, అందుకే చేతులు కట్టుకుందని భ్రమరాంబకి అర్థమైంది.

"నేను పట్టుకోను ఆంటీ. పడిపోతుంటే మటుకు పట్టుకుంటా."

ఆమని వెళ్ళిపోయాక కూడా భ్రమరాంబ తలుపు దగ్గరే ఉండేది. కాళ్ళు నొప్పెడితే కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేచేది. గడియ 'కిర్రు' మనేది, ఆగేది. బయట చీపురు చప్పుడు కూడా ఆగేది.

"ఏందమ్మా గది, పొద్దటిసంది కిర్రు కిర్రు మంటున్నది?" అని చంద్రమ్మ గొంతు.

"నేనే చంద్రమ్మా. గడియ తీస్తున్నా."

"బయటికెళ్ళి తాళమున్నది గదనమ్మా. దీసి ఏం జేస్తవ్?"

భ్రమరాంబ వేలిని మళ్ళీ గడియకి తగిలించింది. చీపురు మళ్ళీ కదిలింది.

*

ఒక గురువారం మధ్యాహ్నం, ఆమని వెళ్ళిపోయాక, ఈల వెయ్యకముందు, గడియ వచ్చేసింది.

ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. పిడికిలి తలుపును నొక్కుతోంది, వేలు తగిలింది, మణికట్టు ఒరగలేదు. గడియ కొంచెం జరిగింది, ఇంకొంచెం జరిగింది, ఆ పైన సర్రున మొత్తం వచ్చి చివర తగిలి 'ఠక్' మంది. గడియ మీద తన వేలు ఇంకా ఉంది. తన వేలే అది.

"చంద్రమ్మా!" అని కేక పెట్టింది. పలకలేదు.

నవ్వుతూ హ్యాండిల్ పట్టుకుని తలుపు లాగింది. గోరంత కదిలి ఆగిపోయింది. బయట గొళ్ళెం, తాళం కొట్టుకుని చప్పుడైంది. మళ్ళీ లాగింది. మళ్ళీ అదే చప్పుడు.

తెలియని విషయమేం కాదు. పొద్దున్నే విన్న తాళం, చంద్రమ్మ చెప్పిన తాళం. అయినా నవ్వు మొహం మీదే ఉండిపోయి, కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. ఇంత గొప్పపని చేసి, ఎవరికి చెప్పుకోవాలి? బాల్కనీలోకి వెళ్ళి చూసింది. కింద ఎవరూ లేరు. ఈల వినబడింది. రాళ్ళ దగ్గర్నుంచి మనుషులు పరుగెత్తారు. బండ పేలింది. భ్రమరాంబ లోపలికొచ్చి గడియ మళ్ళీ వేసింది, మళ్ళీ తీసింది. ఇంకోసారి తీయబోతే రాలేదు, చెయ్యి అలిసిపోయింది.

"పిలిచినవా అమ్మా? నేను బోరింగు కాడుంటి" అంది చంద్రమ్మ, పొద్దు వాలాక.

"ఏం లేదులే" అంది భ్రమరాంబ తలుపుకి ఇవతల నుంచి.

*

సాయంత్రం భీమేశ్వరరావు చెప్పులు విప్పీ విప్పకముందే చెప్పేసింది.

"ఏవండీ, గడియ తీశాను. ఎడమ చేత్తో."

"నిజంగా?" ఆయన మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి ఆమెకి ధైర్యం వచ్చింది.

"నిజమండి. రేపట్నుంచి తాళం వద్దు. నేను లోపల వేసుకుంటాను, ఎవరొచ్చినా నేనే తీస్తాను."

"తియ్యి చూద్దాం."

ఆయన గడియ వేసి, పక్కనే నిలబడ్డాడు. భ్రమరాంబ సంచి చేత్తో తలుపు నొక్కింది, ఎడమ చెయ్యి ఎత్తింది. పగలంతా చేసిన చెయ్యి, పైగా ఆయన చూస్తున్నాడు. వేలు జారింది. మళ్ళీ తగిలించింది, మణికట్టు ఒరిగింది. నుదుట చెమట పట్టింది. మళ్ళీ తగిలించింది. ఈసారి గడియ కొంచెం జరిగింది.

"అయ్యో, అయ్యో" అంటున్నాడాయన పక్కన, తన ఒంట్లోనే ఎక్కడో నొప్పెడుతున్నట్టు. అంతలో ఆయన చెయ్యి వచ్చి ఆమె చెయ్యి మీద పడింది. చేతినీ గడియనీ కలిపి లాగేసింది. తలుపు తెరుచుకుంది.

"చూశావా, వచ్చేసింది!" అన్నాడు.

"మీరు తీశారు."

"నువ్వే సగం తీశావు. కాస్త చెయ్యేశానంతే. ఇంకా కొన్నాళ్ళు పోతే నువ్వే తీస్తావులే. అందాకా తాళం ఉండనీ."

"వచ్చేదండి. ఇంకొంచెం ఆగితే వచ్చేది."

భీమేశ్వరరావు తలుపు మీది కొత్త చెక్క వైపు చూశాడు. "ఆ రోజు పొగలో నిన్ను మోసుకొచ్చాను భ్రమరా. అది నీకు తెలీదు, నీకు స్పృహ లేదు. ఆఫీసులో కూర్చున్నానన్న మాటేగానీ నా ప్రాణం ఇక్కడే ఉంటుంది. ఆ తాళమే లేకపోతే ఆ మాత్రం కూడా కూర్చోలేను."

ఆయన అన్నది నిజమే. భయం ఆయనది, తాళం మాత్రం తనకి.

కంచాలు పెట్టాక ఆయన అలవాటుగా సంచి ముడి మీద చెయ్యి వేశాడు. భ్రమరాంబ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉండనివ్వండి."

"ఎడమ చేత్తో తింటావా? నేనింట్లో ఉండగానా?"

"మీరు చూడలేకపోతే హాల్లో కూర్చోండి."

పాతికేళ్ళ కాపురంలో ఆమె ఆయన్ని లేచి వెళ్ళమనడం ఇదే మొదలు. ఆయన కంచం పట్టుకుని హాల్లోకి వెళ్ళి టీవీలో వార్తలు పెట్టుకున్నాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఎవరో చెప్తున్నారు. భ్రమరాంబ వంటింట్లో ఒక్కతే కూర్చుని, చెంచాని గుప్పిట్లో ఇరికించుకుని పప్పన్నం తింది. సగం ఒళ్ళో పడింది. అయినా ఎవరూ తుడవడానికి రాలేదని తృప్తిగా ఉంది, ఎవరూ లేరని ఏడుపూ వచ్చింది. ఆ రాత్రి సంచి విప్పకుండానే పడుకుంది.

*

పొద్దున్న ఆయన మాట్లాడలేదు. వంట చేశాడు, జడ వేశాడు, జాగ్రత్తలు మాత్రం చెప్పలేదు. బస్సు వేళ మించిపోతోందని తొందరగా తాళం పట్టుకుని గడప దాటి, చెప్పులు తొడుక్కోవడానికి వంగాడు.

భ్రమరాంబ తలుపు మూసింది. సంచి చేత్తో నొక్కి, ఎడమ చేత్తో గడియ తోసింది. వేయడం తేలికే, సర్రున పడింది.

"భ్రమరా! ఏంటిది?"

"లోపల వేసుకున్నానండి. మీరు వెళ్ళండి."

"చిన్నపిల్లలా ఏంటా పని? తియ్యి!"

"బస్సు వెళ్ళిపోతుంది. వెళ్ళండి."

తాళం వేస్తాడా? లోపల గడియ ఉన్నా బయట వేయొచ్చు. గొళ్ళెం చప్పుడు కోసం చెవులు రిక్కించింది. గొళ్ళెం కదల్లేదు. కొంచెం సేపటికి గొంతు వినబడింది, ఈసారి కోపం లేదు.

"క్యారేజీ లోపలే మరిచిపోయాను."

వెనక్కి తిరిగి చూసింది. టేబులు మీద స్టీలు క్యారేజీ. ఇప్పుడు తియ్యాలి. రాకపోతే మళ్ళీ వడ్రంగి వస్తాడు, ఇంకో చెక్క పడుతుంది, ఇక ఆ తాళాన్ని ఈ జన్మలో ఎవరూ తీయరు. కుడిచేతి సంచి విప్పేస్తేనో అనిపించింది. విప్పినా లాభం లేదు. నొక్కిపట్టేంత బలం ఎడమచేతికి ఇంకా రాలేదు. దానికి వచ్చింది ఈ లాగడం ఒక్కటే.

పిడికిలి ఆనించింది. వేలు తగిలించింది. లాగింది. రాలేదు. నిన్నటికంటే బిగుసుకుపోయి ఉంది. ఇంకా గట్టిగా లాగితే వేలు జారింది.

"ఉండు, నేను తోస్తున్నా!" బయట నుంచి ఆయన భుజం ఆనించి లోపలికి తోస్తున్నాడు. తలుపు కిరకిరలాడింది. గడియ ఇనుములో ఇనుము కరుచుకుపోయినట్టుంది.

అప్పుడర్థమైంది ఆమెకి.

"తొయ్యకండి!" అని అరిచింది. తన గొంతు అంత పైకి లేస్తుందని తనకే తెలియదు. "మీరు తోస్తే గడియ బిగుసుకుంటోంది. తలుపు వదిలెయ్యండి."

"నీకు రాదు భ్రమరా, నా మాట విను..."

మెట్ల మీద చీపురు చప్పుడు ఆగింది.

"జర ఆగు సారూ" అంది చంద్రమ్మ గొంతు. "తలుపు మీదికెళ్ళి చెయ్యి దియ్యి. దినాం ఇంటున్న నేను. ఆమెనే దీస్తది. పరేషాన్ జెయ్యకు."

భ్రమరాంబ నుదురు తలుపుకి ఆనించి నిలబడింది. చెక్క అవతల ఆయన ఊపిరి తెలుస్తోంది. ఆ తరువాత తలుపు మీది బరువు మెల్లగా తగ్గింది. ఒక అడుగు వెనక్కి పడింది. ఇంకో అడుగు.

భుజం దించింది. ఊపిరి వదిలింది. పిడికిలితో నొక్కితే తలుపు కాస్త అటు జరిగింది. వేలు తగిలించి లాగింది. కొంచెం వచ్చి ఆగింది. దూరంగా బస్సు హారన్ వినబడింది, అయినా బయట ఎవరూ కదల్లేదు. మళ్ళీ తగిలించింది. 'కిర్రు' మంది. ఆగింది. మళ్ళీ లాగింది.

'ఠక్.'

వెళ్ళి క్యారేజీ పట్టుకొచ్చింది. పిడికిలి బిగుసుకోవడం ఎడమ చేతికి ఎప్పుడూ తెలుసు కదా, క్యారేజీ గట్టిగానే పట్టుకుంది. సంచి చేతిని హ్యాండిల్‌లో దూర్చి తలుపు లాగి తెరిచింది. భీమేశ్వరరావు మెట్ల మొదట్లో నిలబడి ఉన్నాడు, తాళం చేతిలోనే ఉంది. మొహం చెమటతో తడిసిపోయి, ఒక్క రాత్రిలో ముసలివాడైపోయినట్టున్నాడు.

ఎడమ చేత్తో క్యారేజీ చాచింది. ఆయన ఆ చేతిని చూశాడు. తాళాన్ని జేబులో వేసుకుని, రెండు చేతులూ పట్టి క్యారేజీ అందుకున్నాడు. ఆమె వేళ్ళు వెంటనే విడలేదు. ఆయన లాక్కోలేదు. విడేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"బస్సు పోయింది" అన్నాడు.

"ఇంకోటి వస్తుందిగా అండి."

ఆయన మెట్లు దిగుతుంటే చంద్రమ్మ కొంగు సర్దుకుంటూ అడిగింది. "తాళంచెవి ఇయ్యవా సారూ?"

"ఇవాళ వద్దులే."

భ్రమరాంబ తలుపు మూసి గడియ వేసుకుంది. చెప్పుల చప్పుడు కిందిదాకా వెళ్ళి ఆగిపోయింది. తాళం 'టక్' మనలేదు. తలుపును ఎవరూ లాగి చూడలేదు. ఇల్లు మాత్రం నిన్నటి ఇల్లే. అదే సోఫా, అదే ఫ్లాస్కు, కిటికీ అవతల అవే బండలు, డ్రిల్లింగ్ మోత. ఆమని రావడానికి ఇంకా చాలా పొద్దుంది. మాట్లాడ్డానికి మనిషి లేదు.

సోఫాలో కాసేపు కూర్చుంది. లేచింది. తలుపు దగ్గరికి వెళ్ళి, పిడికిలి ఆనించి, వేలు తగిలించి గడియ లాగింది. మూడోసారికి వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ రాలేదు. తలుపు బార్లా తెరిచి, డైనింగు టేబులు దగ్గరి కుర్చీని ఎడమ చేత్తో ఈడ్చుకొచ్చి, గుమ్మంలో వేసుకుని కూర్చుంది.